పసిబిడ్డల రక్తరోగములు : ఎల్లాప్రగడ సుబ్బారావుగారి మందు

రామగుండము, గోదావరిఖని ప్రాంతములవారికి బొగ్గును పరిచయము చేయనక్కరలేదు. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ 1960 ప్రాంతమున ఈ గోదావరి ఒడ్డున గనులు తెరచినది మొదలు, ఇచ్చటి జీవనమంతయు షిఫ్టు సైరనుకు లోబడి నడచుచున్నది. ఆ బొగ్గు పొయ్యిలో మండినది, విద్యుత్కేంద్రములో మండుచున్నది, 1980 మొదలు 1999 వరకు రామగుండము ఎరువుల కర్మాగారమున వాయువుగా మారి యూరియా తయారీకి తోడ్పడినది. ఇవి అందరికి తెలిసినవే. కాని మనుష్యుని నెత్తుటిలోని కణములను వేరువేరుగా గుర్తుపట్టుటకు వైద్యుల చేతికందిన సాధనము కూడ బొగ్గు కడుపున పుట్టినదే యన్న సంగతి అంతగా ప్రచారములో లేదు. పసిబిడ్డలకు అరుదుగా వచ్చు రక్తకణ వ్యాధులకు మందు ఎట్లు దొరకెనో చెప్పవలెనన్న, ఆ కథ నచ్చటనే ఎత్తుకొనవలెను.

బొగ్గును గాలి సోకకుండ మూసి కాల్చినచో కోకుతోపాటు నల్లని చిక్కని తారు దిగును. ఐరోపాలో చిరకాలము దానిని పనికిమాలిన మడ్డిగా చూచిరి. 1856లో లండను నగరమున విలియం పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల కుర్రవాడు, మలేరియా జ్వరమునకు వాడు క్వినైనును తారు సరకుతో చేయబోయి, అది కుదరక, ఊదారంగు నొకదానిని సాధించెను. అది మొదలు రంగుల పరిశ్రమ, ముఖ్యముగా జర్మనీలో, పుట్టగొడుగులవలె లేచినది. లోకమంతయు ఆ రంగులతో బట్టల నద్దుకొనుచుండగా, పాల్ ఎర్లిక్ అను యువవైద్యుడు నెత్తుటిబొట్టు నద్దెను. గాజుపలకపై పలుచగా పరచిన నెత్తుటికి రంగు పూసినపుడు కొన్ని తెల్లకణములు ఒక రంగును, కొన్ని మరియొక రంగును పట్టుకొనుట ఆయన గమనించెను. ఇయోసిన్ అను ఎఱ్ఱరంగును ప్రీతితో గ్రహించు కణములకు 1879లో ఆయన పెట్టిన పేరే నేటికిని రక్తపరీక్ష కాగితముమీద ఇయోసినోఫిల్స్ అని కనబడుచున్నది. రంగు ఒక కణమును పట్టి మరియొకదానిని విడువగలిగినపుడు, మందు మాత్రము అట్లేల చేయరాదను ఆలోచనయు ఆయనదే. కీమోథెరపీ, అనగా రసాయన చికిత్స, అను మాటను పుట్టించినది కూడ ఆయనయే. సింగరేణి బొగ్గు కోకునకు అనువైన జాతి గాదు. తారు నిచ్చిన ఐరోపా బొగ్గు వేరు. అయినను కులమొక్కటే గనుక ఈ ప్రాంతమువారు ఆ చరిత్రతో కొంత చుట్టరికము కలుపుకొనవచ్చును.

నెత్తురు ఎముకల లోపలి మూలుగలో తయారగును. ఎఱ్ఱకణములు ఊపిరిని మోయును. తెల్లకణములు కాపలా కాయును. సన్నని కణికలు కొన్ని గాయమును కూడ్చును. ఈ తయారీలో అదుపు తప్పి, ఒక తెగ తెల్లకణములు ముదురకుండగనే పెరుగుచు మూలుగ నంతను ఆక్రమించినచో అది లుకేమియా. అప్పుడు బిడ్డ పాలిపోవును, చర్మముక్రింద నెత్తుటి చుక్కలు తేలును, విడువని జ్వరము పట్టును. పసివారి కేన్సర్లలో ఎక్కువగా కనబడునది ఇదియే.

దానికంటె చాల అరుదైన వ్యాధి మరియొకటి కలదు. 1868లో బెర్లిను నగరమున పాల్ లాంగర్‌హాన్స్ అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి, చర్మములో కొమ్మలు చాచిన కణములను చూచి, అవి నాడీకణములని తలచెను. నిజమునకవి కాపలా కణములలో ఒక తెగ. ఆ తెగను పోలిన కణములు బిడ్డ శరీరమున గుంపులు కట్టి, ఎముకను తొలుచుట, చర్మముపై పొక్కులై లేచుట, కాలేయము, ప్లీహము, మూలుగలలో చేరి ప్రాణముమీదికి తెచ్చుట గల వ్యాధిని నేడు లాంగర్‌హాన్స్ కణ హిస్టియోసైటోసిస్ అందురు. ఏటా పదిలక్షలమంది బిడ్డలలో నలుగురైదుగురికి మించి రాదు. అరుదగుటచేతనే దానిని పోల్చుకొనుట కష్టము. తలమీది పొక్కులను తల్లి చుండ్రు అనుకొనును; చెవి కారినచో చీముచెవి అనుకొనును; పుర్రెమీది బొడిపెను ఎచ్చటనో తగిలిన దెబ్బ అనుకొనును. బిడ్డ కడవలకొలది నీరు త్రాగి, గడియకొకసారి మూత్రమునకు పోవుట మొదలైనపుడు గాని అనుమానము రాదు.

తల్లులనననేల? పెద్ద వైద్యులే చాలకాలము దీనిని మూడు వేరువేరు జబ్బులుగా లెక్కించిరి. 1893లో ఫిలడెల్ఫియా నగరమున ఆల్‌ఫ్రెడ్ హాండ్ అను వైద్యుడు ఇట్టి బిడ్డ నొకనిని చూచి క్షయ యనుకొనెను. 1915లో వియన్నాలో ఆర్థర్ షుల్లర్, 1919-20లలో బోస్టనులో హెన్రీ క్రిస్టియన్, పుర్రె ఎముకలో రంధ్రములు, ముందుకు పొడుచుకొని వచ్చిన కన్నులు, అతిమూత్రము, ఈ మూడును కలిసి ఉన్న బిడ్డలను వర్ణించిరి. ఆ జబ్బునకు ముగ్గురి పేర్లును కలిపి పెట్టిరి. తరువాత లెటరర్, సీవె అను మరి యిద్దరు, పాలుత్రాగు పసికందులను శీఘ్రముగా హరించు రూపమును వ్రాసిరి. ఒక్క ఎముకకు పరిమితమైన మెత్తని రూపము మూడవది. ఈ మూడును ఒకే వ్యాధియొక్క మూడు ముఖములై యుండునని 1941లో సూచించినవారిలో బోస్టను పిల్లల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒకడు. చనిపోయిన బిడ్డల శరీరములను పరీక్షించి కారణము వ్రాయుట ఆయన ఉద్యోగము. ఈ పేరును చదువరులు గుర్తుంచుకొందురు గాక.

హెన్రీ క్రిస్టియన్ 1910 మొదలు 1939 వరకు బోస్టనులోని పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రికి ప్రధానవైద్యుడు. ఆయన అచ్చట అధికారము నెరపుచున్న కాలముననే, అదే ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడుగు పనికి ఒక తెలుగువాడు కుదురుకొనెను. ఆయనయే ఎల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఇంటిలో సంతానము ఎక్కువ, రాబడి తక్కువ. పదుమూడేండ్ల వయస్సున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడింపవచ్చునని ఇల్లు విడిచి పరుగెత్తగా, దారిలో పట్టుకొని వెనుకకు తెచ్చిరి. మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. సన్యసింపవలెనన్న కోరికకు తల్లి అడ్డుపడుటచే మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రవైద్య తరగతికి ఖద్దరు అంగీతో వెళ్ళినందున ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహము కలిగినది, ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కినది. పట్టము తక్కువదైనందున మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖ తలుపులు మూసికొన్నవి. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కాలక్షేపము చేసిరి.

ఆయన జీవితమును మలుపు త్రిప్పినది మాత్రము పట్టము గాదు, చావు. అన్నయొకరు, తమ్ముడొకరు, కొద్దిదినముల వ్యవధిలో గ్రహణి వ్యాధికి బలియైరి. ఇంగ్లీషువారు స్ప్రూ అని పిలుచు జబ్బు ఇదియే. తిన్నది ఒంటబట్టదు; నాలుక పూయును; నెత్తురు పలుచబడి మనిషి క్రమముగా ఆరిపోవును. సుబ్బారావుగారికి సైతము అదే వ్యాధి సోకి, ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రతికి బయటపడిరి. నెత్తురు ఏల పలుచబడును? దానికి కావలసిన ఏ పదార్థము లోపించుచున్నది? ఈ ప్రశ్నతోనే ఆయన, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వాగ్దానము, మామగారు సమకూర్చిన ధనము ఆధారముగా, భార్యను పుట్టినింట విడిచి ఓడ యెక్కిరి. 1922 అక్టోబరు 26న బోస్టనులో దిగిరి. మరల స్వదేశమును చూడలేదు; భార్యనును చూడలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనముననే పోయెను. ఇట్టి విషయములను త్యాగమని ఒక్క మాటలో తేల్చివేయుట వ్యాసకర్తలకు సులభము. ఇంటనున్నవారికి అంత సులభము గాదు.

హార్వర్డులో ఫిస్కి అను ఆచార్యునితో కలిసి, శరీరద్రవములలోని భాస్వరమును రంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1925లో కనిపెట్టిరి. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణమునకు ఇంధనమైన ఏ.టి.పి.ని వెల్లడించిరి. ఈ కృషిని గురించి తెలుగులో ఇదివరకే చాల వ్యాసములు వచ్చియున్నవి గనుక ఇచ్చట విస్తరింపనక్కరలేదు. 1940లో ఆయన న్యూయార్కు సమీపమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళి, త్వరలోనే దాని పరిశోధనశాఖకు అధిపతియైరి. అన్నదమ్ముల చావు వెంటనే యున్నది. గ్రహణి ప్రశ్నను మరల చేతబట్టిరి.

ఆ ప్రశ్నకు సగము సమాధానము భారతదేశముననే దొరకియుండెను. 1928 తరువాత బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, బట్టల మిల్లులలో పనిచేయు బీద గర్భిణీస్త్రీలకు నెత్తురు పలుచబడుట చూచి, ఈస్టు సారముతో తయారైన మార్మైట్ అను చవుక సరకు తినిపింపగా వారు కోలుకొనుటను కనుగొని 1931లో ప్రకటించెను. దానిలోని గుణము ఏదో అప్పటికి తెలియదు. 1941లో టెక్సాసులో కొందరు పండితులు నాలుగు టన్నుల పాలకూరను వండి వడగట్టి ఇంతంత సారము తీసి, ఆకును సూచించు లాటిను మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లము అని పేరుపెట్టిరి. టన్నుల ఆకుతో ఆసుపత్రులకు మందు చాలునా? 1945 నాటికి సుబ్బారావుగారి బృందము దానిని కర్మాగారములో కృత్రిమముగా తయారుచేసెను. గ్రహణి రోగులకును, పలుచనెత్తురు రోగులకును అది సంజీవివలె పనిచేసినది. భీమవరములో మొదలైన ప్రశ్నకు జవాబు వచ్చినది.

ఇచ్చటనే కథ అడ్డము తిరిగినది. పలుచబడిన నెత్తుటిని పెంచు మందు, చెడిన నెత్తుటిని బాగుచేయదా యన్న ఆశతో సిడ్నీ ఫార్బర్, పెర్ల్ రివరునుండి తెప్పించిన ఫోలిక్ జాతి మందులను లుకేమియా బిడ్డలకు ఇచ్చి చూచెను. జబ్బు తగ్గుటకు మారుగా ఇంకను వేగిరపడినట్లు ఆయనకు తోచెను. మరియొకడైన, పొరపాటైనదని మూటకట్టి పెట్టియుండును. ఆయన తలక్రిందులుగా ఆలోచించెను: ఈ ఆహారము జబ్బుకణములను పోషించుచున్నచో, దానిని వాటికి అందకుండ చేసినచో ఏమగును? సుబ్బారావుగారి ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన పదార్థములు అప్పటికే తయారగుచుండెను. వానిలో ఒకటి అమినోప్టెరిన్. చూపునకది ఫోలిక్ ఆమ్లమే. ఒక్క మూలన కొద్దిపాటి అణువుల మార్పు మాత్రము కలదు. తాళములో దూరి తిరుగక ఇరుకుకొనిపోవు దొంగ తాళపుచెవి వంటిదది. కణము దానిని అసలుదని నమ్మి మ్రింగును; అంతట కొత్తకణమును కట్టుకొను పని ఆగిపోవును. తొందరగా పెరుగు కణమే ముందు మాడును గనుక లుకేమియా కణము ముందు చచ్చును. అదే కారణముచే నోటిపొర, పేగుపొర, మంచి మూలుగ కూడ దెబ్బతినును. ఈ మందుల మేలును కీడును ఒక్క ఊటనుండియే వచ్చుచున్నవి.

1947 చివర అమినోప్టెరిన్ బోస్టను చేరినది. చావుబ్రతుకులలోనున్న బిడ్డలు, వాపుతో ఉబ్బిన ప్లీహముతో నడువలేక పడియున్నవారు, కొన్నివారములలో లేచి ఆడుకొనసాగిరి. 1948 జూన్ 3వ తేదీన ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ఫార్బరు ప్రకటించిన లెక్క ఇది: 16 మంది బిడ్డలకు మందు ఈయగా 10 మందికి గుణము కనబడినది. వ్యాసము పేరులోనే ఈ ఉపశమనము తాత్కాలికము అని ఆయన వ్రాసికొనెను. ఆ మాట నిజము. కొన్నినెలలకు జబ్బు తిరిగివచ్చినది, బిడ్డలు దక్కలేదు.

అంతకుముందునుండియే ఆ ఆసుపత్రిలో ఫార్బరును వ్యతిరేకించువారు కలరు. ఎట్లును పోవు బిడ్డను సూదులతో బాధించుటేల, ప్రశాంతముగా పోనీయరాదా యని వారి వాదము. ఈనాటి ఫలితములు తెలిసిన మనకు వారు గుండెలేనివారుగా కనబడుదురు. ఆనాడు బిడ్డ మంచముప్రక్క నిలిచి చూచినవారికి అట్లు తోచియుండదు. నోరు పూసి, నెత్తురు వాంతియగుచున్న పసివానికి రెండునెలల ఆయువు తెచ్చి యిచ్చుట దయయా, క్రౌర్యమా? ఆ ప్రశ్నకు 1948లో జవాబు లేదు. జవాబు తరువాతి బిడ్డలవలన వచ్చినది; ఆ మొదటి పదాఱుగురికి దానివలన లాభము లేకపోయెను. చికిత్సాచరిత్రలో వారి పద్దు అప్పుగానే నిలిచియున్నది.

అదే సంవత్సరము ఆగస్టులో, ఏబదినాలుగవ యేట, సుబ్బారావుగారు పెర్ల్ రివరులో నిద్రలోనే కన్నుమూసిరి. తన ప్రయోగశాల మందు ఎంతదూరము పోవునో ఆయన చూడలేదు. ఆయనను గూర్చి వ్రాయువారు కొందరు లెడర్లీలో పుట్టిన ప్రతిదానిని ఆయన ఒక్కరి చేతనే కనిపెట్టించుట పరిపాటియైనది. అది న్యాయము గాదు. ఆయనకు అవసరమును గాదు. ఆరియోమైసిన్‌ను మట్టిలోని బూజునుండి కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. అమినోప్టెరిన్‌ను పాత్రలో వండి దించినది సీగర్ మొదలగు రసాయనికులు. ఏ ప్రశ్న నడుగవలెనో నిర్ణయించి, ఆ పనివారిని ఒక్కచోట కూర్చి, ఫలితమును దాచక బోస్టనుకు పంపినది సుబ్బారావుగారు. వేటకు గురిచూపినవానికి దక్కవలసిన పేరు ఆయనకు దక్కవలెను. భారత ప్రభుత్వము ఆయన శతజయంతికి 1995లో తపాలాబిళ్ళ వెలువరించెను.

అమినోప్టెరిన్ కంటె కొంత సౌమ్యమైన దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ త్వరలోనే దాని స్థానము నాక్రమించెను. 1953లో హిచింగ్స్, ఎలియన్ అను పండితుల మెర్కాప్టోప్యూరిన్ వచ్చినది. స్టెరాయిడులు వచ్చినవి. ఆ పిమ్మట వచ్చిన మందు ప్రతి పల్లెవాకిటను కలదు: బిళ్ళగన్నేరు. మడగాస్కరునుండి లోకమంతట ప్రాకిన ఈ పూలమొక్క మధుమేహమును తగ్గించునని జమైకాలో నాటువాడుక. కెనడాలో రాబర్ట్ నోబిల్ అను పండితుడు ఆ ఆకుల కషాయమును ఎలుకలకీయగా చక్కెర తగ్గలేదు గాని తెల్లకణములు పడిపోయినవి! 1958లో దానినుండి విన్‌బ్లాస్టిన్ బయటపడినది. దాని తోడిది విన్‌క్రిస్టిన్. (కేన్సరు తగ్గునని ఎవరైనను బిళ్ళగన్నేరాకు నూరి బిడ్డకు త్రాగించినచో అది విషము, టన్నుల ఆకునుండి గ్రాములలో తీసి, తూచి, నరములోకి మాత్రమే ఎక్కింపవలసిన వస్తువు.)

ఒక్కొక్క మందు తాత్కాలికమే. అన్నిటిని ఒకేసారి ప్రయోగించినచో? 1962 ప్రాంతమున అమెరికా జాతీయ కేన్సరు సంస్థలో ఫ్రై, ఫ్రైరైక్ అనువారు విన్‌క్రిస్టిన్, మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్ ఈ నాలుగింటిని కలిపి యిచ్చిరి. నెత్తురు శుభ్రపడినను మెదడుపొరలలో దాగిన కణములు మరల దాడిచేయుట చూచి, మెంఫిసు నగరమున డొనాల్డ్ పింకెల్ ఆ దాగుచోటికి కూడ చికిత్స చేర్చెను. 1970 నాటికి అచ్చట సగముమంది బిడ్డలు దక్కసాగిరి. నేడు సంపన్నదేశములలో ఈ జాతి లుకేమియా వచ్చిన బిడ్డలలో సుమారు పదింట తొమ్మిదిమంది బ్రతుకుచున్నారు. వెన్నులోని నీటిలోకి ఎక్కించు మందులలో మెథోట్రెక్సేట్ నేటికిని ముఖ్యము.

హిస్టియోసైటోసిస్ చరిత్ర ఇంత నేరుగా నడువలేదు. అది కేన్సరా, వాపా యని వైద్యులు ఏండ్లతరబడి తర్కించిరి. 1953లో లిక్టెన్‌స్టైన్ దానికి హిస్టియోసైటోసిస్ ఎక్స్ అని పేరుపెట్టెను. తెలియని దానికి గణితములో పెట్టు గుర్తే అది. 1973లో ఫ్రాన్సుదేశపు నెజెలోఫ్ ఆ కణములు లాంగర్‌హాన్స్ తెగవని చూపెను. 2010లో, సగమునకు పైగా రోగులలో బి.ఆర్.ఏ.ఎఫ్. అను జన్యువులో ఒక మార్పు కలదని తేలినది. అప్పటికి గాని ఇది కణముల అదుపు తప్పిన వ్యాధియే యన్న పక్షము బలపడలేదు. వ్యాధి అరుదగుటచే ఏ ఒక్క దేశమునను పరీక్షకు చాలినంతమంది రోగులు దొరకరు. అందుచే 1985లో పలుదేశముల వైద్యులు హిస్టియోసైట్ సొసైటీగా ఏర్పడి, 1991 మొదలు ఒకే పద్ధతిని దేశదేశములలో పరీక్షించుచు వచ్చిరి. చికిత్సకు వెన్నెముక బిళ్ళగన్నేరు మందే: మొదటి ఆరువారములు వారమునకొక విన్‌బ్లాస్టిన్ సూది, తోడుగా ప్రెడ్నిసోలోన్, తరువాత మూడువారముల కొకసారి. 2013లో ప్రకటితమైన మూడవ పరీక్షలో రెండు సంగతులు తేలినవి. ఆరునెలలకు మారుగా పండ్రెండునెలలు చికిత్స సాగించిన బిడ్డలలో జబ్బు తిరుగబెట్టుట తగ్గినది. కాలేయము, మూలుగ చెడిన బిడ్డలకు మెథోట్రెక్సేట్ కూడ చేర్చి చూడగా అదనపు ప్రయోజనము కలుగలేదు. సుబ్బారావుగారి ప్రయోగశాల మందు అన్ని తాళములను తెరువదని చెప్పుటవలన ఆయన గౌరవమునకు లోపము లేదు. మందును నమ్మక, లెక్కను నమ్ముట ఆయనకు వచ్చిన విద్యయే. ఒక్క ఎముకకే పరిమితమైన జబ్బుతో ఇంచుమించు బిడ్డలందరును బ్రతుకుదురు. కాలేయము, ప్లీహము, మూలుగ పట్టినపుడే నేటికిని భయము.

తెలుగుదేశమున ఈ చికిత్స హైదరాబాదునకు ముందు వచ్చినది. అచ్చటి నీలోఫర్ పిల్లల ఆసుపత్రి 1953లోను, మెహదీ నవాజ్ జంగ్ పేర వెలసిన కేన్సరు ఆసుపత్రి 1955లోను ఏర్పడినవి. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము కీమోథెరపీ ఖర్చును బీదల నెత్తినుండి చాలవరకు దించినది. గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆసుపత్రి కలదు. 2022లో రామగుండమున ప్రభుత్వ వైద్యకళాశాల కూడ మొదలైనది. అయినను పసివారి రక్తకేన్సరునకు, హిస్టియోసైటోసిస్‌కు ప్రత్యేక చికిత్స కావలెనన్న, రెండువందల కిలోమీటర్లకు పైబడిన రాజధానీప్రయాణమే దిక్కు. మందునకు ప్రభుత్వమిచ్చును, తండ్రి పోగొట్టుకొన్న హాజరీకి, తల్లి ఆసుపత్రి వరండాలో గడపిన రాత్రులకు, ఇంట విడిచిన రెండవ బిడ్డకు ఎవరు లెక్కకట్టుదురు? ఇది పర్మినెంటు కార్మికునికే కష్టమైనచో, కాంట్రాక్టు కూలివాని గతి చెప్పనేల.

ఆరువారముల సూదులతో పొక్కులు మానిపోవును, బొడిపె అణగును, బిడ్డ పరుగెత్తును. అప్పుడే అపాయము. తగ్గినదిగదా యని బండి ఎక్కుట మానుదురు. భారతదేశమున పసివారి కేన్సరు చికిత్సలో ఫలితము తగ్గుటకు ముఖ్యకారణములలో నడుమ మానివేయుట ఒకటి అని వైద్యులు చాలకాలముగా మొరపెట్టుకొనుచున్నారు. తాత్కాలికము అను ఫార్బరు మాటను శాశ్వతముగా మార్చినది కొత్త మందులొక్కటే గాదు, బిడ్డ చక్కగా కనబడుచుండగనే మరి నెలలు, ఏండ్లు మందు నిచ్చు పట్టుదల. హిస్టియోసైటోసిస్‌కు ఏడాది, లుకేమియాకు రెండుమూడేండ్లు.

లుకేమియా చికిత్స చివరిభాగము ఇంటివద్దనే జరుగును. మెర్కాప్టోప్యూరిన్ దినదినము, మెథోట్రెక్సేట్ వారమునకొక్కసారి. వారపు మాత్రను పొరపాటున దినదినము మ్రింగించినచో ప్రాణాపాయము. కావున ఇంటివారు వారమును క్యాలెండరులో గుర్తుపెట్టుకొందురు. ఆ ఇంట తల్లి గర్భవతియైనచో ఆమెకు అంగన్‌వాడీద్వారానో, ఆరోగ్యకార్యకర్తద్వారానో నెత్తురు పట్టుటకు ఇనుముతో కూడిన ఫోలిక్ ఆమ్లపు మాత్రలు వచ్చును. ఆ మాత్రను బలమునకని జబ్బు బిడ్డకు వైద్యుడు చెప్పకుండ పెట్టరాదు. బిడ్డ మాత్రను గర్భిణి చేతితో ముట్టరాదు. రెండును పెర్ల్ రివరులోని ఒక్క ప్రయోగశాలనుండి రెండేండ్ల వ్యవధిలో బయటపడిన మందుల సంతతియే. ఒకటి కణమునకు అన్నము, రెండవది అన్నము వేషము వేసిన ఆకలి. అట్టి యిండ్లలో ఆ రెండు పొట్లములను వేరువేరు గూళ్ళలో పెట్టుకొనవలసియున్నది.